"మిమ్మల్నే ఎందుకు?"

ఆస్ట్రేలియాలో ఆశ్రయం కోరేవారి విచారణల్లో దుబాసీగా పనిచేస్తున్నాను. ఆ గదిలో విన్నది బయట చెప్పకూడదు. అందుకే ఎవరి కథనూ ఇక్కడ చెప్పడం లేదు. అయితే అప్పులవాళ్లకు భయపడి వచ్చిన ప్రతి మనిషికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "వాళ్లు మిమ్మల్నే ఎందుకు బెదిరిస్తున్నారు?"

నిజాయితీగా చెబితే జవాబు ఒకటే. "బాకీ తీర్చలేకపోయానండి." ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా గొంతు తడారిపోతుంది. శరణార్థి హోదాకు దారి చాలావరకు ఆ జవాబుతోనే మూసుకుపోతుంది మరి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం గుర్తించే కారణాలు అయిదే: జాతి, మతం, జాతీయత, ఒకానొక సామాజిక సమూహానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. బాకీ వాటిలో లేదు. బాకీదారులంతా ఒక సమూహమేనన్న వాదన సాధారణంగా నిలవదు. వడ్డీ వ్యాపారి తరుముతున్నది సొమ్ము కోసం, ఆ మనిషి ఫలానావాడని కాదు. భయం నిజమైనదే కావచ్చు, దాని కారణం మాత్రం ఒప్పందంలో ఇమడదు.

మినహాయింపు లేకపోలేదు. బెదిరించేవాడు ప్రైవేటు వ్యక్తే అయినా, బాధితుడి మతాన్నో పుట్టుకనో చూసి పోలీసులు రక్షణ నిరాకరిస్తే లెక్క మారవచ్చు. గృహహింసకు గురైన పాకిస్తానీ మహిళ కేసులో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2002లో ఈ దారి చూపింది. కనుక ఠాణాలో ఏం జరిగింది, ఏ మాట అని వెనక్కి పంపారు అన్నది అప్పు మొత్తం కన్నా ముఖ్యం. ఇది చాలామందికి తెలియకపోవడం నన్ను బాధిస్తుంది.

మరో దారి 2012లో తెరుచుకుంది. దాన్ని అనుబంధ రక్షణ అంటారు. ఇక్కడ ఆ అయిదు కారణాలతో పని లేదు. తిరిగి పంపితే ప్రాణం పోవడం, చిత్రహింస, క్రూరమైన లేదా అమానుషమైన ప్రవర్తన వంటి తీవ్రమైన హాని జరిగే నిజమైన ప్రమాదం ఉందా అన్నదే చూస్తారు. ఇదీ సులువేమీ కాదు. పోలీసులు కాపాడగలరా? అదే దేశంలో మరోచోటికి వెళ్లి బతకడం ఈ మనిషికి సాధ్యమేనా? అప్పు ఇచ్చినవాడికి అక్కడిదాకా వెతికి పట్టుకునే మనుషులు ఉన్నారా? ఇన్నేళ్ల తర్వాత కూడా వెతుకుతున్నాడా? "వాళ్ల చేతులు చాలా పొడవండి" అన్న ఒక్క మాట చాలదు. ఇల్లు మారినప్పుడు ఎలా కనిపెట్టారు, ఎవరిని పంపారు, చివరిసారి ఎప్పుడు వచ్చారు అన్నవన్నీ చెప్పాలి.

మనవాళ్లు మాత్రం ప్రామిసరీ నోట్లు, వడ్డీ లెక్కలు కట్టలుగా తెస్తారు. ఇంట్లో ఆడవాళ్లను ఏమన్నారో చెప్పడానికి సిగ్గుపడి ఆ ముక్క మింగేస్తారు. మొదటి దరఖాస్తులో లేని సంగతిని, తిరస్కరణను సమీక్షించే ట్రిబ్యునల్‌లో చెబితే, ముందు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. సరైన కారణం చూపలేకపోతే ఆ మాట మీద నమ్మకం సన్నగిల్లుతుంది. సిగ్గు వల్ల దాచుకుంటే ఆ సిగ్గు సంగతి కూడా చెప్పాల్సిందే.

విచారణ ముగిసే ముందు, "ఇంకా ఏమైనా చెప్పదలచుకున్నారా?" అని అడగడం మామూలే. ఆ ప్రశ్నను తెలుగులో చెప్పి ఆగుతాను. ఒక్క అక్షరం కలిపే హక్కు నాకు లేదు. ఎదుటి మనిషి ఏదో అనబోయి, నా వైపు చూసి, లేదని తల ఊపితే ఆ "లేదు"నే ఇంగ్లీషులో చెబుతాను.