మన పిల్లలే దొరికారా?

"ఏవే, పసిగుడ్ల మీద ప్రయోగాలు చేసే ఉద్యోగవా నీది?" అంది మా మేనత్త. అమలాపురంలో ఒక ఆస్పత్రి వరండాలో, పది మంది వింటుండగా.

సంక్రాంతికి సెలవు పెట్టుకుని ఊరొచ్చాను. అప్పటికే మా మరదలికి నెలలు నిండకుండా ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలో నాలుగు వందల గ్రాములు. బాక్సులో పెట్టారు. తండ్రి మస్కట్‌లో ఉన్నాడు, వెంటనే రావడానికి వీలు పడలేదు. కనుమనాడు ఊరు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతే మేము క్యారేజీలు, ఫ్లాస్కులు పెట్టుకుని ఆ వరండాలో కూర్చున్నాం. పక్కనున్న ఒకావిడ "మీ అమ్మాయి ఇంగ్లండులో ఏం చేస్తారండీ?" అని అడిగితే, "రీసెర్చ్ నర్సునండీ, నెలలు తక్కువ పిల్లల వార్డులో" అని నేనే చెప్పాను. దానికి అత్త అన్న మాట అది. అక్కడితో ఆగిందా! "తెల్లోళ్ళ మందులు పరీక్ష చెయ్యడానికి మన పిల్లలే దొరుకుతారు కాబోలు" అని కూడా అంది.

ఆవిడ ఉన్న టెన్షన్‌లో వాదన ఎందుకని ఊరుకున్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అక్కడ చెప్పనిది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నా పని సూదులు పొడిచి ఏమవుతుందో చూడటం కాదు. మా వార్డులో ఏదైనా ట్రయల్, అంటే ఏ వైద్యం మేలో పోల్చి చూసే పరీక్ష, నడుస్తుంటే, దానికి సరిపోయే బిడ్డ వచ్చినప్పుడు తల్లిదండ్రుల పక్కన కూర్చుని అదేంటో చెప్పాలి. ఆలోచించుకోవడానికి టైమివ్వాలి. ఒప్పుకుంటే కాగితాలు పూర్తి చేసి, బిడ్డ ఇంటికెళ్ళేదాకా ప్రతి మిల్లీలీటరు పాలు, ప్రతి రక్తపు బొట్టు లెక్క రాయాలి. చాలా ట్రయల్స్‌లో కొత్త మందంటూ ఏమీ ఉండదు. ఒకే జబ్బుకి ఒక డాక్టరు ఒకలా, పక్క డాక్టరు ఇంకోలా చేస్తుంటారు. ఏది మేలో ఇద్దరికీ తెలీదు. అది తేల్చడమే పని.

ప్లేట్‌లెట్ల సంగతే చూడండి. డెంగీ రోజుల్లో ఎవరికైనా ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే చాలు, మనిళ్ళలో ఏడుపులు మొదలు. నెలలు తక్కువ పిల్లల్లోనూ అవి పడిపోతుంటాయి. యాభై వేలకి తగ్గగానే ఎక్కించాలా, ఇరవై ఐదు వేల దాకా ఆగాలా? ఎక్కిస్తే మంచిదేగా అనే అనుకుంటాం ఎవరమైనా. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్ ఆస్పత్రుల్లో 660 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి చూశారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. యాభై వేల దగ్గరే ఎక్కించిన గుంపులో 26 శాతం మంది చనిపోవడమో, తీవ్ర రక్తస్రావం కావడమో జరిగింది. ఆగి ఎక్కించిన గుంపులో అది 19 శాతం. (డెంగీకి ఈ లెక్క పనికిరాదు, దయచేసి ఎవరూ ఇది చదివి డాక్టరుతో వాదించకండి.) అంటే అంతకుముందు మంచిదని ముందే ఎక్కించిన పిల్లలందరి మీదా ప్రయోగం జరిగినట్టే కదా? వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు, వాళ్ళ అమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే తేడా. 1940లు, 50లలో కూడా ఇలాగే మంచిదనుకుని బాక్సుల్లో ధారాళంగా ఆక్సిజన్ వదిలితే ప్రపంచంలో సుమారు పది వేల మంది పిల్లల చూపు పోయింది. ట్రయల్ పెట్టాకే కారణం రూఢి అయింది.

అత్త అనుమానం గాల్లోంచి పుట్టిందని మాత్రం అనను. 2009లో మన గోదారికి ఎగువన, ఖమ్మం జిల్లాలో, ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వేల ఫారాల మీద వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టేశారని తర్వాత విచారణలో తేలింది. గొడవై 2010లో ఆపేశారు. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. అడగకపోవడమే తప్పు. ఆ తర్వాత 2013లో మన దేశంలో ట్రయల్స్‌కి అనుమతి తీసుకోవడాన్ని వీడియో తీయాలనే నిబంధన కూడా వచ్చింది. కాబట్టి అత్త భయపడితే నాకు కోపం రాదు.

నాకు కోపం తెప్పించింది రెండో మాట, మన పిల్లలే దొరికారా అన్నది. "పుట్టగానే ఏడవలేదండి" అని చెప్పుకునే పిల్లలు మన ప్రతి వీధిలోనూ ఉంటారు. పదేళ్ళొచ్చినా మెడ నిలపని పిల్లాడు మా అమ్మ వాళ్ళ వీధిలోనే ఉన్నాడు. మేం పనిచేసే చోట అలా ఊపిరందక మెదడుకి దెబ్బ తగిలిన బిడ్డ పుడితే, ఆరు గంటల్లోపే ఒంటిని 33.5 డిగ్రీలకి చల్లబరిచి మూడు రోజులు అలాగే ఉంచుతారు. నీళ్ళు తిరిగే చాపలాంటి దాని మీద పడుకోబెడతారు. ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. మొదటిసారి ముట్టుకున్నప్పుడు నాకు చెయ్యి వెనక్కి వచ్చేసింది, ఎందుకంటే మనం పుట్టిన బిడ్డకి టోపీ, సాక్సు, మూడు దుప్పట్లు కప్పే జాతి. కానీ పనిచేస్తుంది. 2009లో బ్రిటన్ నాయకత్వంలో జరిగిన ట్రయల్‌లో చల్లబరిచిన పిల్లల్లో మెదడు దెబ్బతినకుండా బతికినవాళ్ళు ఎక్కువ.

మరి అదే వైద్యం మన దగ్గర? ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని పెద్ద ఆస్పత్రుల్లో 408 మంది పిల్లలతో ట్రయల్ చేశారు. 2021లో ఫలితం వచ్చింది. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం చనిపోయారు, మామూలుగా చూసుకున్న పిల్లల్లో 31 శాతం. అక్కడ కాపాడిన వైద్యమే ఇక్కడ ప్రాణం మీదకి తెచ్చింది. కారణాల మీద ఇంకా చర్చ నడుస్తోంది. మన పిల్లల్లో మెదడు దెబ్బ కాన్పు సమయంలోనే కాక ముందు నుంచీ మొదలవుతుందేమోనన్నది అందులో ఒకటి. మన పిల్లలతో చూడకుండా, తెల్లోళ్ళ పిల్లలకి పనికొచ్చిందే కదా అని యంత్రాలు కొని ఆస్పత్రి ఆస్పత్రికీ పెట్టేసి ఉంటే? చెప్పు అత్తా. మన పిల్లలు దొరక్కపోతేనే మనకి నష్టం.

అయితే దొరకబుచ్చుకునే పద్ధతొకటి ఉంది. ఇంగ్లండు జీవితంలో నాకు ఎన్ని చికాకులున్నా, ఆ అడిగే తీరుకి మాత్రం దణ్ణం పెడతాను. ఒకాయన, లారీ డ్రైవరు, నేనిచ్చిన కరపత్రమంతా పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాడు. అదనంగా ఎన్నిసార్లు రక్తం తీస్తారు, మడమ నుంచా, నరం నుంచా అని అడిగాడు. మర్నాడు వచ్చి వద్దన్నాడు. నేను మొహం చిన్నబుచ్చుకోకుండా సరేనన్నాను, కారణం అడగలేదు, చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు కూడా. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. ఆ బిడ్డకి జరగాల్సిందంతా జరిగింది. పెద్ద డాక్టరుకి కాదంటే బిడ్డని సరిగ్గా చూడరేమో అనే భయంలో పెరిగినదాన్ని నేను. "మీ చేతుల్లో పెట్టాం డాక్టరుగారూ, మీరే దేవుడు" అనడం మర్యాద అనుకుంటాం. మర్యాదే కావచ్చు, దాని కింద ఆ భయం కూడా ఉంటుంది.

అక్కడంతా మేలన్నట్టు ఇది రాస్తుంటే నాకే అన్యాయంగా తోస్తోంది. ఆ లారీ డ్రైవరు భార్య రాత్రిళ్ళు బాక్సు పక్కన ఒక్కత్తే కూర్చునేది. ఆయన సెలవు అయిపోయింది, వాళ్ళమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది, ఆదివారం వచ్చి పూలిచ్చి వెళ్ళింది. పథ్యం భోజనం లేదు, ఒంటికి నూనె రాసేవాళ్ళు లేరు, మిషన్లో శాండ్‌విచ్ కొనుక్కుని తినేది. మా మరదలికైతే వరండాలో ఎనిమిది మందిమి. వాళ్ళలో ఇద్దరు మాకేమీ కారు, బస్సులో పరిచయమైనవాళ్ళు.

ఆ ఎనిమిది మందికీ తెలిసిన విషయం ఒక్క మరదలికే తెలీదు. అదే నన్ను తినేసింది. బిడ్డకి ఊపిరి అందడం లేదని, ఆక్సిజన్ పెట్టారని డాక్టరు మా మావయ్యని పిలిచి చెప్పారు. మావయ్య మస్కట్‌కి ఫోన్ చేశాడు. ఊళ్ళో ఆరెంపీకి కూడా చెప్పాడు. కిందే ఉన్న కన్నతల్లికి మాత్రం "బాగానే ఉందమ్మా, పడుకుంది" అన్నారు. "దానికి చెప్పకండే, కుట్లు పచ్చిగా ఉన్నాయి, కంగారు పడుద్ది" అని అత్త అందరికీ ఒట్టేయించింది. ప్రేమే, కాదనను. అత్త ఆ మాట చెప్పి పక్కకెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. కానీ మా వార్డులో ముందు చెప్పేది తల్లికే. చక్రాల మంచం మీదే తీసుకొచ్చి చూపిస్తారు. బిడ్డ సంగతే చెప్పనిదే, బిడ్డ గురించి ఏ అనుమతైనా ఆమెని ఎలా అడుగుతాం? రేపు ఇక్కడ ఎవరైనా మంచి ట్రయల్ మొదలెడితే ఫారం మీద సంతకం మావయ్యదే అవుతుందని నా భయం.

ఇంతకీ మా మరదలి బిడ్డంత బరువుండే పిల్లలకి ఏది మేలో తేల్చిన ట్రయల్‌లో మన దేశమూ ఉంది. 2021లోనే వచ్చింది. కిలోకీ కిలో ఎనిమిది వందలకీ మధ్య పుట్టిన పిల్లల్ని, నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఉంచారు. ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో. ఎప్పటిలా ఆగి ఆ తర్వాత పడుకోబెట్టిన పిల్లల్లో 15.7 శాతం చనిపోతే, వీళ్ళలో 12 శాతం. మందు లేదు, మిషన్ లేదు. తల్లిని లోపలికి రానివ్వాలి, ఆవిడ కూర్చోవడానికి చోటివ్వాలి.

అమలాపురం వార్డులో సిస్టర్‌ని ఈ సంగతి అడిగాను. ఆవిడకి నాకంటే బాగా తెలుసు, చెయ్యాలనీ ఉంది. మరదలికి విషయం చెప్పింది కూడా చివరికి ఆవిడే, అత్త ఒట్టుని పక్కన పెట్టి. గదిలో వెనక్కి వాలే కుర్చీ ఒక్కటే ఉంది, రెండోదానికి చోటు లేదన్నారు. అడుగులేసి కొలిచాను. స్టీలు బీరువాని మూలకి జరిపితే పడుతుంది. మావయ్య కుర్చీ కొని ఆటోలో వేసుకొచ్చాడు. బయటి సామాను లోపలికి రావాలంటే పెద్ద డాక్టరుగారి సంతకం ఉండాలట. నేను ఫ్లైట్ ఎక్కేదాకా ఆ సంతకం పడలేదు. మరదలు, పక్క బాక్సు బిడ్డ తల్లి ఉన్న ఒక్క కుర్చీనే వంతులేసుకుని వాడుకుంటున్నారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు.