ఆవకాయ పెట్టాక రావాలా, దసరా అయ్యాక రావాలా?

సంక్రాంతి హడావిడి తగ్గిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. "అమెరికాలో ఇప్పుడు ఎలా ఉందమ్మా? ఎప్పుడొస్తే బాగుంటుంది?" అడిగేవాళ్లలో కొందరి పిల్లలు డల్లాస్‌లో ఉంటారు, కొందరివాళ్లు న్యూజెర్సీలో, సియాటిల్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో. జవాబు మాత్రం అందరికీ ఒకటే. ఏప్రిల్లో ఆవకాయ పెట్టేసి మే మొదట్లో విమానం ఎక్కెయ్యాలి. అక్కడి ఎండలూ తప్పుతాయి, ఇక్కడ చలి ముదిరేలోపు అక్టోబరులో వెనక్కీ వెళ్లిపోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు కాబట్టి కాగితం మీద లెక్క చక్కగా కుదురుతుంది.

నాకీ లెక్క నచ్చదు. టెక్సాస్‌కి వచ్చేవాళ్లకయితే అసలు పనికిరాదు. వాళ్లని నేను దసరా అయ్యాకే రమ్మంటాను.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ మధ్యాహ్నం 38 డిగ్రీలు మామూలు. 40 దాటినా ఎవరూ పట్టించుకోరు. 2011లో డల్లాస్‌లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌, అంటే మన 38, తాకిన రోజులు 71. మా నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయనకి ఫారెన్‌హీట్ అంటే జ్వరం చూసే థర్మామీటరు ఒక్కటే. ఫోన్‌లో 103 అని చూసి, "ఊరు ఊరంతటికీ నూట మూడు జ్వరమేమిటే, ఏదో ఒక మాత్ర వెయ్యండి" అన్నారు. బెజవాడలో రోహిణి కార్తె తప్పించుకుని వచ్చిన మనిషికి ఇక్కడ రెండు నెలల రోహిణి కార్తె దొరికింది.

ఎండ ఒక్కటే అయితే సర్దుకుపోయేవారు. బెజవాడ ఎండకి ఆయన దగ్గర ఉపాయాలున్నాయి. తెల్లవారుజామున నడక, పదింటికల్లా తలుపులు దగ్గరకి వేసుకోవడం, సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి మడతమంచం వాల్చడం. ఇక్కడ ఎక్కడానికి డాబా లేదు. నడుద్దామంటే నీడ లేదు, మా వీధి చెట్లన్నీ ఇంకా కర్రలకి కట్టిన మొక్కలే. కారు తోలేవాళ్లు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎక్కడికీ కదల్లేరు. పైగా జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు గుంకదు. దీపం పెట్టాక గాని రాత్రి వంట మొదలుపెట్టని మా అమ్మ కిటికీలోంచి చూసి చూసి, "మీ సూర్యుడికి ఇల్లూ వాకిలీ లేవా" అంది.

"అమెరికాలో ఎలా ఉంది" అన్న ప్రశ్నకి జవాబు లేకపోవడానికి కారణం కొండల్లో ఉంది. మనకి ఉత్తరాన హిమాలయాలు తూర్పు పడమరలుగా అడ్డం నిలబడ్డాయి, అందుకే మధ్య ఆసియా చలి గాలులు మన దాకా దిగిరావు. ఇక్కడ పడమటి రాకీ కొండలూ తూర్పు అపలాచియన్ కొండలూ రెండూ ఉత్తర దక్షిణాలుగా పడుకున్నాయి. వాటి మధ్య కెనడా నుంచి దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరం దాకా చదునైన నేల. ఉత్తరాన ధ్రువపు గాలి బయల్దేరితే టెక్సాస్ దాకా దాన్ని ఆపేది లేదు, గల్ఫ్ తేమగాలి పైకి పోవడానికీ అడ్డు లేదు. రెండూ కలబడేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. మా వైపు సుడిగాలుల హెచ్చరికలూ, కారు అద్దాలు పగలగొట్టే వడగళ్లూ అప్పుడే. సైరన్ మోగితే పెద్దవాళ్లని నిద్రలేపి మెట్లకింద గదిలో కూర్చోబెట్టాలి. "మేలో వచ్చెయ్యండి" అనేవాళ్లు ఈ ముక్క చెప్పరు. చలి సంగతీ అంతే. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీలకి దిగింది. రాష్ట్రంలో లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, నీళ్ల గొట్టాలు పగిలాయి. ఎండల ఊరే, అయినా అంత పనీ జరిగింది.

వసంతాన్ని పూర్తిగా తీసిపారెయ్యను. ఏప్రిల్లో డల్లాస్‌కి దక్షిణాన ఎన్నిస్ ఊరి చుట్టూ బ్లూబానెట్ పూలు విరగబూస్తాయి, రోడ్డు పక్క బీళ్లన్నీ నీలం పరుచుకుంటాయి. కానీ అమ్మ ఏప్రిల్లో రమ్మంటే రాదు. ఆ నెలలో ఆవిడ చూపంతా మామిడికాయల మీదే.

పడమటి తీరం వ్యవహారం పూర్తిగా వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూలైలో పగటి వేడి 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పసిఫిక్ నీళ్లు చల్లన. లోపలి లోయ వేడెక్కినకొద్దీ ఆ సముద్రపు పొగమంచుని గోల్డెన్ గేట్ వంతెన ఉన్న సందు గుండా ఊళ్లోకి లాక్కుంటుంది. అంటే లోపల ఎండ ముదిరినకొద్దీ ఊళ్లో చలి. నడివేసవిలో వంతెన కనిపించక, పొట్టి చేతుల చొక్కాల్లో వణుకుతూ, ఊరి పేరు రాసిన స్వెట్టర్లు కొనుక్కునే జనాన్ని అక్కడ ఎప్పుడైనా చూడొచ్చు. ఆ ఊరికి అసలు వేసవి సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది.

అక్కడి నుంచి నాలుగు గంటల దూరంలో యోసెమిటీ పార్కు. 739 మీటర్ల జలపాతం. అది కొండల మీద మంచు కరిగి పడే నీరు, కాబట్టి మేలో హోరెత్తుతుంది, ఆగస్టుకి చాలా ఏళ్లలో ఎండిపోయి బండ మీద చార మిగులుతుంది. పోనీ మేలో వెళ్దామా అంటే, ఎత్తు మీద నుంచి పోయే టయోగా రోడ్డు అప్పటికి మంచు కిందే ఉంటుంది. మే ఆఖరికో జూన్‌లోనో తెరుస్తారు, మంచు ఎక్కువ పడిన ఏడాది జూలై దాకా కూడా ఆగాలి. ఒకే పార్కులో నీళ్లకి ఒక కాలం, దారికి ఇంకో కాలం. నన్నడిగితే నీళ్లే ముఖ్యం, రోడ్డు లేకపోయినా మేలోనే వెళ్లండి. మోంటానాలో గ్లేసియర్ పార్కు మీద మనసుంటే మాత్రం జూలై రెండో వారం కంటే ముందు టికెట్లు కొనకండి. అక్కడ కొండ మీది రోడ్డు మంచు తవ్వి పూర్తిగా తెరిచేసరికి జూన్ ఆఖరో జూలై మొదలో అవుతుంది.

మనవాళ్లు తప్పకుండా వేసుకునే లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్ చుట్టు ఉంది కదా, అది వేసవిలో పెద్దవాళ్లతో వద్దు. భూమి మీద నమోదైన అత్యధిక వేడి, 56.7 డిగ్రీలు, 1913 జూలై 10న ఆ పక్కనే డెత్ వ్యాలీలో. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి పైన ఫరవాలేదు, కిందికి దిగేకొద్దీ కొలిమే. ఇక ఆరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా వాళ్లూ మాన్సూన్ అనే అంటారు. మన ముసురులా రోజంతా పట్టదు, మధ్యాహ్నం ఉరుములతో వచ్చి కుమ్మరించి పోతుంది. ఫొటోలకి పేరుపడ్డ యాంటిలోప్ కాన్యన్‌లో 1997 ఆగస్టు 12న పదకొండు మంది కొట్టుకుపోయారు. కుండపోతగా కురిసింది అక్కడ కాదు, మైళ్ల దూరంలో. వాళ్లున్నచోట వాన దాదాపు లేదు. ఇప్పుడు గైడు లేకుండా లోపలికి పంపరు, అయినా నేనైతే అమ్మానాన్నలని అక్టోబరు దాటాకే తీసుకెళ్తాను.

మా గుంటూరు పిన్నికి నేను దీనికంతా తలకిందులుగా చెప్పాను. ఆవిడ కొడుకు సియాటిల్ దగ్గర ఉంటాడు. "నువ్వు అక్కని దసరా అయ్యాక రమ్మంటున్నావు, నన్ను జూన్‌లో వెళ్లమంటున్నావు, ఏమిటే నీ పక్షపాతం" అని పోట్లాడింది. "పిన్నీ, అక్కడ అక్టోబరు నుంచి మే దాకా ముసురు. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే చీకటి పడుతుంది. తమ్ముడు ఇంటికొచ్చేసరికి నువ్వు లైట్లు వేసుకుని మూడు గంటలై ఉంటుంది" అన్నాను. సియాటిల్‌కి జూలై, ఆగస్టులే. వాన దాదాపు ఉండదు, పగలు పాతిక డిగ్రీలు. రెయినియర్ పర్వతం మీద ప్యారడైజ్ అనేచోట జూలై ఆఖరికి మంచు కరిగి, ఆగస్టు మొదట్లో మైదానమంతా పూస్తుంది. పేరు పెట్టినవాళ్లు ఎక్కువ చెప్పలేదు. కొన్నేళ్లు ఆగస్టు ఆఖరు నుంచి అడవులు తగలబడి పొగ కమ్ముతుంది. పిన్నికి ఆయాసం ఉంది కాబట్టి ఆగస్టు రెండో వారానికల్లా తిరుగుడు ముగించుకోమన్నాను.

ఫ్లోరిడాకి ఒక్క మాట చాలు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం, నడిమి సెప్టెంబరు దానికి నడినెత్తి. డిసెంబరు వచ్చాక వెళ్లండి.

తూర్పున అందరికీ కావలసినవి రెండు, నయాగరా, ఆకుల రంగులు. వెర్మాంట్ రాష్ట్రం ఉత్తరాన ఆకులు సెప్టెంబరు ఆఖరికి రంగు తిరుగుతాయి. అక్కడి నుంచి ఆ రంగు వారం వారం దక్షిణానికి జరుగుతూ, అక్టోబరు ఆఖరుకి స్మోకీ పర్వతాల దాకా వస్తుంది. పగలు కుదించుకుపోయేకొద్దీ ఆకులో పచ్చదనం విరిగిపోతుంది, అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎర్రదనం మాత్రం అప్పటికప్పుడు పుడుతుంది, పగలు ఎండా రాత్రి చల్లదనం సరిగ్గా కుదరాలి. అందుకే ఏ రెండేళ్లూ ఒకలా ఉండవు. నాకు ఈ దేశంలో ఒక్క పక్షమే చూపించమంటే అక్టోబరు మొదటి పక్షం చూపిస్తాను. వేసవి రద్దీ ఉండదు, దోమలుండవు, విమానం టికెట్లు కూడా జూన్, జూలై ధరలుండవు.

మరి అందరూ అప్పుడే ఎందుకు రారంటే, పిల్లల బడులు. టెక్సాస్‌లో మే ఆఖర్లో మూసి ఆగస్టు నడుమ తెరుస్తారు. తాతయ్య, అమ్మమ్మ వచ్చి మనవలతో ఊళ్లు తిరగాలంటే ఆ రెండున్నర నెలలే. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలు కూడా వేసవిలోనే పెడతారు. దీనికి నా దగ్గర మందు లేదు. అమ్మానాన్నలు వచ్చేది మనవల కోసమా కొండల కోసమా అన్నది ముందే తేల్చుకోమంటాను. మనవల కోసమైతే ఏ నెలైనా ఒకటే. బడి ఉన్న రోజుల్లో సాయంత్రం మూడున్నరకి బస్సు దిగే పిల్లవాడికి ఎదురెళ్లడంలో ఉన్న ఆనందం, వేసవిలో వాడు రోజంతా ఐప్యాడ్ పట్టుకు కూర్చుంటే ఉండదు.

అమ్మ దగ్గర అసలు చిక్కు వేరే. బెజవాడ మనిషి దసరాకి ఊళ్లో లేకపోవడమా! మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారానికి అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడే మనిషి ఆవిడ. "నీ ఆకులు ఏడాదికోసారి రాలతాయి, నా అమ్మవారు ఏడాదికోసారి సరస్వతి అవుతుంది. ఏది మానమంటావు?" అని అడిగింది. ఏమంటాం? మామూలుగా అయితే దసరా అయిన మర్నాడు ఎక్కినా అక్టోబరులో సగమైనా దక్కేది. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి పండగలన్నీ వెనక్కి జరిగాయి, విజయదశమి అక్టోబరు 20న పడింది. వెర్మాంట్‌లో అప్పటికి మోడులే.

అందుకని పంచాంగమూ ఆకులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటికి మూడు గంటల దూరంలో, ఓక్లహోమాలో, బీవర్స్ బెండ్ అని ఒక పార్కుంది. అక్కడ రంగు నవంబరు మొదట్లో వస్తుంది. దీపావళి నవంబరు 8న. అప్పటికి డల్లాస్‌లో పగలు 20 డిగ్రీలు, నాన్న పొద్దున్నే కాదు, పగలు పదకొండింటికైనా నడవొచ్చు. నవంబరులో ఆయన లైఫ్ సర్టిఫికెట్ ఒకటి ఉంది, అది కాన్సులేట్‌లో చేయిస్తానని ఒప్పించాను. డిసెంబరులో ఫ్లోరిడా. క్రిస్మస్ టికెట్ల ధరలు దిగాక, సంక్రాంతికి ముందు ప్రయాణం. ఢిల్లీ మీదుగా వద్దన్నాను, జనవరి పొగమంచుకి అక్కడ విమానాలు గంటలకొద్దీ ఆగిపోతాయి, గల్ఫ్ దేశాల మీదుగా అయితే హైదరాబాదులో తిన్నగా దిగుతారు.

అంతా కుదిరిందనుకుంటుంటే నాన్న అడ్డం తిరిగారు. "నయాగరాలో పడవెక్కకుండా అమెరికా వెళ్లొచ్చానంటే పింఛనర్ల సంఘంలో నా పరువేం కాను?" అమెరికా వైపు ఆ పడవలు నవంబరు మొదట్లో కట్టేస్తారు. అంటే దిగిన వారంలోపే, నిద్రలు ఇంకా సర్దుకోకుండానే, బఫెలో వెళ్లాలి. అక్టోబరు ఆఖరి వారం టికెట్లు చూస్తున్నాను. పడవలో ఇచ్చే ప్లాస్టిక్ కోటు చలికి ఆగదు కాబట్టి మంకీ క్యాపులు అక్కడి నుంచే రెండు తెచ్చుకోమన్నాను, ఇక్కడ ఆ రకం ఎంత వెతికినా దొరకవు.