చుక్క ముట్టని రాజకుమారుడి ఇంటికి

సియోల్‌లో ఆఫీసు వాళ్ల డిన్నర్ తప్పించుకోవడం కష్టం. మధ్యలో పొయ్యి మీద పంది మాంసం చిటపటలాడుతుంటే చిన్న గ్లాసుల్లో సోజు పోసి చేతికిస్తారు. నేను తాగనని గ్లాసు పక్కకు జరిపాను. ఎదురుగా కూర్చున్న కొరియన్ సీనియర్ నవ్వాడు. "అయితే మీరు రాజు కాలేరు. మా తాతకీ ఇందుకే సింహాసనం పోయింది" అన్నాడు.

సొంత తాత కాదు, పంతొమ్మిది తరాల వెనకటి తాత. పేరు హ్యోర్యోంగ్. కొరియాని ఏలిన జోసోన్ వంశంలో మూడో రాజైన తేజోంగ్‌కి రెండో కొడుకు. పుట్టింది 1396లో.

కొరియాలో లీ అని రాసుకునే ఇంటిపేరుని పలకడం మాత్రం 'ఈ' అనే. ఊరికే 'ఈ' అంటే చాలదు, ఏ ఊరి ఈ అని అడుగుతారు. మనం గోత్రం అడిగినట్టే. మా సీనియర్‌ది జోంజు ఊరి ఈ, అంటే రాజవంశం. అందులో హ్యోర్యోంగ్ శాఖ. ఒకే ఊరి, ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లాడకూడదన్న చట్టాన్ని 1997లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసిందని ఆయన చెప్పబోతుంటే, సగోత్రం సంగతి నాకు మీరు చెప్పక్కర్లేదన్నాను. ఇంట్లో ఉన్న జోక్పో, అంటే వంశావళి పుస్తకం, ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టుకున్నాడు. నిలువు వరసల్లో చైనా అక్షరాలు. ఒక తరం మగపిల్లలందరి పేర్లలో ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుందట. ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ మా మేనత్త ఉండాలి" అన్నాడు. అక్కడున్నది ఆమె భర్త పేరు.

ఆ శనివారం మెట్రో రెండో లైన్‌లో బాంగ్బే స్టేషన్‌లో దిగాను. తప్పు గేటు నుంచి బయటికొచ్చి, రోడ్డు దాటలేక మళ్లీ కిందకి దిగి, ఇంకో మెట్లెక్కాను. పైన ఉన్న రోడ్డు పేరు హ్యోర్యోంగ్ రోడ్డు. అపార్ట్‌మెంట్లు, కాఫీ షాపులు, వాటి మధ్య ఒక పచ్చని దిబ్బ. హ్యోర్యోంగ్‌దీ ఆయన భార్యదీ సమాధులు అక్కడే ఉన్నాయి, గడ్డి కప్పిన గుండ్రటి మట్టి గుట్టలు. కింద 1736లో కట్టిన స్మారక మందిరం చోంగ్‌గ్వోన్‌సా.

ఆ పేరులోనే కథంతా ఉంది. ప్రాచీన చైనాలో జౌ నాయకుడి పెద్ద కొడుకులిద్దరూ రాజ్యాన్ని చిన్న తమ్ముడికి వదిలేసి వెళ్లిపోయారట. కన్‌ఫ్యూషియస్ ఆ ఇద్దరినీ మెచ్చుకున్నాడు. పెద్దవాడి గురించి అన్న మాట తీసుకుని హ్యోర్యోంగ్ అన్న యాంగ్న్యోంగ్ మందిరానికి జిదోక్‌సా అని పెట్టారు. రెండోవాడి గురించి అన్న మాటే ఈ మందిరం పేరయింది. ఇక్కడ రాజ్యం దక్కిన తమ్ముడు సేజోంగ్. కొరియన్ లిపిని సృష్టించి, ఇవాళ పదివేల వోన్ నోటు మీద కనిపించే రాజు.

కథ అందంగానే ఉంది గానీ, ఆస్థాన చరిత్ర గ్రంథంలో ఇంకోలా రాసి ఉంది. యువరాజు యాంగ్న్యోంగ్ వేట, ఆడవాళ్ల గొడవలు భరించలేక 1418లో తండ్రే పదవి పీకేశాడు. మరి రెండోవాడెందుకు కాలేదు? తేజోంగ్ చెప్పిన కారణాలు చదివితే నవ్వొస్తుంది. వీడు బలహీనుడు, నేనేం చెప్పినా ఊరికే చిరునవ్వు నవ్వుతాడు, ఒక్క గుక్క కూడా తాగలేడు. చైనా రాయబారి వస్తే కలిసి తాగాలి కదా! మూడోవాడు పెద్ద తాగుబోతు కాదు గానీ, తగినంత తాగి ఆపగలడు. అలా సేజోంగ్ రాజయ్యాడు. ఇది త్యాగమో తిరస్కారమో నాకు తేలలేదు. చరిత్ర తిరస్కారమంటే గుడి పేరు త్యాగమంటోంది.

జనం దీనికి ఇంకో కథ కట్టారు. అన్న పదవి పోయింది కాబట్టి ఇక రాజు తనే అనుకుని హ్యోర్యోంగ్ బుద్ధిగా చదువుతూ కూర్చుంటే, యాంగ్న్యోంగ్ వచ్చి ఒక్క తన్ను తన్ని "తమ్ముడే అర్హుడని తెలీదా" అన్నాడట. ఈయన గుడికెళ్లి రోజంతా డప్పు వాయించాడట, తోలు సాగిపోయేదాకా. మెత్తగా సాగినదాన్ని హ్యోర్యోంగ్ డప్పు తోలు అనడం అలా వచ్చిందంటారు.

తర్వాత ఆయన బౌద్ధంలో పడ్డాడు. 1486 దాకా, తొంభై ఏళ్లు బతికాడు. తాత మొదలుకుని తొమ్మిదిమంది రాజుల్ని చూశాడు. సేజోంగ్ పిల్లల్లో ఒకడు సేజో, అన్న కొడుకైన బాల రాజుని 1455లో దించేశాడు. ఆ అబ్బాయి, సేజో సొంత తమ్ముళ్లు ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే సేజో కట్టించిన వోన్‌గాక్సా బౌద్ధాలయం పనులు చూసింది ఈ పెద్దనాన్నే. దాని పదంతస్తుల పాలరాతి స్తూపం, 1467 నాటిది, తాప్గోల్ పార్కులో గాజు పెట్టె లోపల ఉంది. ఎటు నుంచి ఫొటో తీసినా నా మొహమే పడింది. ఆ తొంభై ఏళ్లలో ఆ చిరునవ్వు ఆయనకి ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో.

చివరికి హాన్ నది ఒడ్డున మాంగ్‌వోన్ వెళ్లాను. ముందు మార్కెట్లో వేడి వేడి బియ్యప్పిండి ముక్కలు ఎర్రటి కారంలో తిని కళ్లు తుడుచుకున్నాను. నది ఒడ్డు మంటపం హ్యోర్యోంగ్ కట్టుకున్న విడిది. 1425లో ఎండలకి పొలాలు బీటలిస్తుంటే సేజోంగ్ పంటలు చూడ్డానికొచ్చి అన్నగారి దగ్గర ఆగాడు. వాన కురిసింది. సంతోషం పట్టలేక దానికి హీవూజోంగ్, సంతోషపు వాన మంటపం అని పేరు పెట్టాడు. తర్వాత అది వోల్సాన్ అనే రాకుమారుడి చేతికొచ్చి, దూరం చూసే మంటపం, మాంగ్‌వోన్‌జోంగ్ అయింది. ఈ వోల్సాన్ కూడా రాజు సోంగ్‌జోంగ్‌కి స్వయానా అన్నే. రాజ్యం దక్కని అన్న ఇల్లు రాజ్యం దక్కని ఇంకో అన్నకి చేరడం చూస్తే ఆ ఇంటి వాస్తు మీద అనుమానమొస్తుంది.

పాత మంటపం 1925 వరదలో పోయింది. ఇప్పుడున్నది 1989లో మళ్లీ కట్టింది. పక్కనే ఎక్స్‌ప్రెస్‌వే హోరు, నది వినపడదు. బయట బోర్డు మీద మాంగ్‌వోన్‌జోంగ్ అని ఉంది. లోపలికొచ్చి పైకి చూస్తే ఇంకో బోర్డు, పాత పేరుతో. దాన్ని ఫొటో తీసి మా సీనియర్‌కి పంపాను, మీ తాత ఇంట్లో ఉన్నానని.

"వాన పడుతోందా?" అని వెంటనే అడిగాడు.

లేదు, ఎండ మాడ్చేస్తోందని రాశాను.