ఓటీపీ దుబాయిల, గోలీల చిట్టి బీరువాల

జగిత్యాల, సిరిసిల్ల దిక్కు తల్లి ఆధార్‌కు గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఉండటం మామూలే. ఇక్కడ పొద్దున 10 గంటలకు మీసేవలో కూర్చుంటే దుబాయిలో 8.30. కొడుకు డ్యూటీలో ఉంటాడు, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. ఆధార్ ఓటీపీ నిలిచేది 10 నిమిషాలే. ఆపరేటర్ 'రేపు రా అవ్వా' అంటాడు. ఇండియా సిమ్‌ను ఇంట్లో పడేసి పోయిన ఇండ్లలో సంగతి ఇంకా అధ్వానం. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ ఆపేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు సాగదీస్తుంది, అంతే. ఆగిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి పోతుంది. అప్పటి నుంచి తల్లి బ్యాంకు మెసేజ్‌లు ముక్కూమొహం తెలియనోళ్ల ఫోన్‌లో మోగుతుంటాయి.

పెద్దవాళ్ల కోసం యాప్‌లు, లాకర్లు, హెల్త్ కార్డులు అన్నీ పిల్లల సౌలభ్యం చూసి పెట్టేవే ఎక్కువ. ఏ సాధనం పెట్టినా ఒక్క ప్రశ్న అడగాలి: కష్టం వచ్చిన పూట ఇంట్లో ఉన్న మనిషికి ఇది దొరుకుతుందా? ఆ మనిషి 70 దాటిన భార్య కావచ్చు, పక్కింటి పిల్లగాడు కావచ్చు, కిరాయికున్న వాళ్లు కావచ్చు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ల్యాప్‌టాప్‌లో ఎంత చక్కగా సర్ది ఉన్నా, రాత్రి రెండింటికి హన్మకొండలో తలుపు తీసిన మనిషికి అందకపోతే అది లేనట్టే.

కాబట్టి మొదటి పని ఆధార్‌కు, బ్యాంకుకు పెద్దమనిషి సొంత నంబరే పెట్టించడం. డబ్బా ఫోన్ అయినా సరే, ఓటీపీ మామూలు మెసేజ్‌గానే వస్తుంది. పాత నంబరు పనిచేయకపోయినా ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో కొత్త నంబరు ఎక్కిస్తారు. ఆ సిమ్ రీచార్జి గడువు మాత్రం పిల్లల ఫోన్‌లో అలారంగా పెట్టుకోవాలి. 28 రోజుల ప్లాన్‌కు నెల తేదీ గుర్తుపెట్టుకుంటే కుదరదు, అది ప్రతిసారీ ముందుకు జరుగుతుంది. ఏడాది ప్లాన్ వేసి గొడవ వదిలించుకోవడం మేలు.

ఇక గోలీల చిట్టి. ఇంట్లో ఒక్క సమాచారమే సర్దగలిగే ఓపిక ఉంటే ఇదే సర్దండి. సగం ఏ4 కాగితం చాలు. పైన తారీఖు, పేరు, వయసు, షుగర్, బీపీ, గుండె, కిడ్నీ ఏవేవి ఉన్నాయో. దాని కిందే పడని మందులు: పెన్సిలిన్, సల్ఫా, ఏదైతే అది. రక్తం పలుచబడే మందు వాడుతుంటే (క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి) దాన్ని ఎర్ర పెన్నుతో పైనే రాయాలి. బాత్రూంలో జారి తలకు దెబ్బ తగిలినప్పుడు డ్యూటీ డాక్టర్ ముందు తెలుసుకోవాల్సింది అదే.

ఆ తర్వాత ఒక్కో గోలీకి ఒక్కో వరుస. గోలీ పేరు, ఎంజీ ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాయాలి. ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో, తిండి లెక్కన రాయాలి: 'పొద్దుగాల చాయ్‌కి ముందు', 'రాత్రి అన్నం తిన్నాక'. ఎనిమిదింటికి అని రాస్తే పనికిరాదు, పెద్దవాళ్ల రోజు గడియారంతో నడవదు. కంపెనీ పేరు పక్కన అసలు మందు పేరు తప్పకుండా ఉండాలి. ఎందుకంటే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో ఇచ్చే గోలీ ఒక పేరుతో, బయట షాపులో అదే మందు ఇంకో పేరుతో వస్తుంది. రెండూ వేరనుకుని రెండూ వేసుకుంటారు. బీపీ గోలీ పేరు చివర ఏఎం అని తోక ఉంటే అందులో సాధారణంగా అమ్లోడిపిన్ కలిసే ఉంటుంది. దానితోపాటు విడిగా అమ్లోడిపిన్ 5 ఎంజీ కూడా నడుస్తుంటే డోసు రెట్టింపు. కాళ్లు ఉబ్బడం, లేవగానే కళ్లు తిరగడం అక్కడి నుంచే మొదలవుతాయి. రెండు చోట్ల ఇచ్చిన మందులు ఒకే కాగితం మీద పక్కపక్కన కనబడితేనే ఈ తప్పు పట్టుబడుతుంది. ఏది ఆపాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ గోలీలు, సూదులు కూడా ఆ చిట్టిలోకి రావాలి. పెద్ద డాక్టర్‌కు చెబితే తిడతాడని దాస్తారు. అవి బీపీని పెంచుతాయి, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు వాడేవాళ్ల కిడ్నీకి చేటు చేస్తాయి. ఆయుర్వేదం, పసరు మందులూ అంతే. థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకుంటే కాల్షియం, ఐరన్ గోలీలకు 4 గంటలు ఎడం ఉండాలన్న సంగతి కూడా ఆ వరుసలోనే రాసిపెట్టండి, విడిగా చెబితే గుర్తుండదు.

చిట్టిని లామినేషన్ చేయించొద్దు. మందు మారగానే అది అబద్ధపు కాగితం అవుతుంది, లామినేషన్ చేసిన దాన్ని పారేయడానికి మనసొప్పదు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. బాల్ పెన్ వాడండి, జెల్ పెన్ తడికి కారిపోతుంది. ఒకటి బీరువా తలుపు లోపలి వైపు, ఒకటి దవాఖాన సంచిలో ఉండాలి. మూడోది ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అక్కడ పిన్ చేస్తే ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత ఊడిపోతుంది. ప్రతివాళ్లూ ఎవరి ఫోన్‌లో వాళ్లు స్టార్ గుర్తు పెట్టుకోవాలి. పైన తారీఖు ఎందుకంటే, గ్రూపులో మూడు చిట్టీల ఫొటోలు తిరుగుతున్నప్పుడు ఏది కొత్తదో అదే చెబుతుంది.

రక్త పరీక్షల రిపోర్టులు కొన్ని, ఈసీజీ పట్టీలు చాలావరకు, బిల్లులు వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం మీద వస్తాయి. మన ఎండాకాలానికి బీరువాలో కూడా అవి తెల్లబడతాయి. ఇచ్చిన రోజే జిరాక్స్ తీయించాలి. గోలీల రేకు కత్తిరించేటప్పుడు తయారీ, గడువు తేదీలు అచ్చేసిన చివరను ఆఖరుదాకా ఉంచాలి. షాపువాళ్లు ఆ చివరే కోసి ఇస్తే వద్దనండి.

గోలీ గుర్తు చేయడానికి ఫోన్ అలారం పెడతారు. అలారం మోగిందని తెలుస్తుంది గాని గోలీ వేసుకున్నారో లేదో తెలియదు. చప్పుడు ఆపేసి చాయ్ తాగడానికి పోతారు. వారం రోజుల గళ్ల డబ్బా నయం. ఆదివారం నింపితే, బుధవారం పొద్దుటి గడి ఖాళీగా ఉందా నిండుగా ఉందా అని వీడియో కాల్‌లో కూడా కనబడుతుంది. చెమ్మ తగిలితే పాడయ్యే గోలీలను రేకుతో సహా కత్తిరించి గడిలో వేయాలి. ఏవి అలాంటివో మందుల షాపులో అడగండి.

బీపీ మిషన్ ఉన్న ఇండ్లలో ఒళ్లు బాగాలేనప్పుడే చూసి రాస్తారు, అందుకే పుస్తకంలో అన్నీ ఎక్కువ అంకెలే ఉంటాయి. డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఏడు రోజులు, పొద్దున గోలీకి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, 5 నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండేసి కొలతలు తీయండి. దానికి అరగంట ముందు చాయ్ వద్దు. 138 వస్తే 138 అనే రాయాలి, 140 అని గుండు సున్నా చుట్టొద్దు.

ఫోన్ విషయానికొస్తే, స్మార్ట్‌ఫోన్‌లో లాక్ తీయకుండానే కనబడే ఎమర్జెన్సీ సమాచారం నింపండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద ఉంటుంది. కొన్ని కంపెనీలు వేరేచోట పెడతాయి, పైన వెతికే గడిలో ఎమర్జెన్సీ అని కొడితే దొరుకుతుంది. లాక్ ఉన్నప్పుడూ చూపించే మీట ఆన్‌లో ఉందో లేదో చూసి, ఫోన్ లాక్ చేసి, పక్కింటివాళ్ల చేతికిచ్చి తీయమనండి. వాళ్లు తీయలేకపోతే 108 సిబ్బందీ తీయలేరు. అక్షరాల సైజు పెంచండి గాని చివరిదాకా లాగొద్దు. అక్షరాలతో పాటు డిస్‌ప్లే సైజు కూడా నిండా పెంచితే బ్యాంకు యాప్‌లలో కింది బటన్ తెర బయటికి పోతుంది. నొక్కడానికి ఏమీ లేక ఫోన్ పాడైందనుకుంటారు. రాయడం కష్టమైనవాళ్లకు కీబోర్డులో తెలుగు మైకు నేర్పితే చాలు. లాక్ గీత మనుమడు పెట్టిపోయిన ఇంట్లో ఆ గీత కనీసం ఇంకొకరికి తెలియాలి.

మేడారం జాతరకు మాత్రం ఫోన్‌ను నమ్ముకోవద్దు. రెండేండ్లకోసారి అంత జనం ఒక్కచోట చేరితే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. పేరు, ఊరు, మండలం, రెండు నంబర్లు రాసిన కాగితం కవర్‌లో పెట్టి కొంగుకో అంగీ లోపలి జేబుకో పిన్నీసుతో గుచ్చండి. మైకులో పిలిచేది ఊరు పేరుతోనే.

పింఛను లైఫ్ సర్టిఫికెట్‌కు అందరికీ నవంబరే అనుకుంటారు. కాజీపేటలోని రైల్వే రిటైర్డ్ ఉద్యోగులకు, మిగతా కేంద్ర పింఛనుదారులకు నవంబరు, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పింఛనుకు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. అంటే మార్చిలో ఇచ్చినవాళ్లు నవంబరు కోసం ఎదురుచూస్తే పింఛను ఆగుతుంది. ఒకే ఇంట్లో భర్తకు ఒక గడువు, భార్యకు ఇంకోటి ఉంటే రెండూ గోడ క్యాలెండర్ మీదనే రాయండి, పాలు, గ్యాస్ బండ రాసుకునే చోటే.

బీడీలు చుట్టిన చేతులకు, ఏండ్లు నాట్లేసిన చేతులకు వేలిముద్ర పడదు, గీతలు అరిగిపోయి ఉంటాయి. లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఉండాలి. ముందు ఫోన్ పట్టుకున్న మనిషి ఆపరేటర్‌గా తన ముఖం చూపించి నమోదు కావాలి, తర్వాత పింఛనుదారు వివరాలు. ఈ మెట్టు తెలియక తల్లి ముఖం ఆపరేటర్ చోట పెట్టి ఆగిపోతారు. వెలుగు ముఖం మీద పడాలి, వీపు వెనక కిటికీ ఉండొద్దు, తెర అడిగినప్పుడు రెప్ప కొట్టాలి. తిరస్కరణ ఎక్కువగా పీపీఓ నంబరులో (పింఛను మంజూరు కాగితం మీద ఉండే నంబరు) ఒక అంకె తప్పడం వల్లనో, పింఛను ఇచ్చే సంస్థను తప్పుగా ఎంచుకోవడం వల్లనో వస్తుంది. సర్టిఫికెట్ తయారైందన్న మెసేజ్ చూసి వదిలేయక, ఆమోదం వచ్చిందో లేదో కొన్ని రోజులాగి మళ్లీ చూడాలి.

డబ్బు సంగతి రాసేటప్పుడు పిన్ నంబర్లు రాయొద్దు. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఎవరెవరి పేర, నామినీ ఎవరు, ఇవి చాలు. పింఛను పడే ఖాతాకు యూపీఐ పెట్టకుండా, నెల ఖర్చు మేరకు ఇంకో ఖాతాలోకి మార్చి దానికే పెడితే, 'డిజిటల్ అరెస్ట్' అంటూ భయపెట్టే ఫోన్ వచ్చినా పోయేది కొంతే. చిట్టి కింద సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 రాసిపెట్టండి, డబ్బు పోయిన గంటలోపే ఫోన్ చేయాలి.

మతిమరుపు మొదలైనప్పుడు చూసుకుందాం అనుకునే పని ఒకటుంది, అది అప్పుడు కుదరదు. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకుంటారు. మనిషికి మతి తప్పితే అది చెల్లదు, కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ముగిసిపోతుంది. మంచిగా ఉన్నప్పుడే భార్యాభర్తల ఖాతాలను 'ఈదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు నడిపే) పద్ధతికి మార్పించాలి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు, ఎవరికెంత వాటా అన్నది కూడా రాయొచ్చు. బిడ్డ పేరు పెట్టాలా కొడుకు పేరే పెట్టాలా అన్న పంచాయితీకి ఇదొక దారి.

మనిషి పోయాక ఆ సిమ్‌ను వెంటనే రద్దు చేయకండి. ఆరు నెలలైనా రీచార్జి చేసి ఉంచితే ఏ బ్యాంకు నుంచి, ఏ బీమా కంపెనీ నుంచి మెసేజ్ వస్తుందో చూసి తెలియని ఖాతాలు పట్టుకోవచ్చు. ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం మాత్రం వద్దు, ఆ ఖాతా మీద మిగతా వారసులతో తగాదా అక్కడే మొదలవుతుంది. పాస్‌బుక్‌లో మే నెలాఖరు వరుసలు చదవండి: 20 రూపాయలు కోసి ఉంటే అది సురక్షా బీమా, 70 ఏండ్ల లోపు వాళ్లు ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. 10 ఏండ్లుగా కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి పోయి ఉంటాయి, వాటిని 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరుతో వెతకొచ్చు. పింఛను బ్యాంకుకు మరణ ధ్రువపత్రం ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, మనిషి పోయాక పడిన నెలల డబ్బు తిరిగి కోసుకుంటారు, భార్యకు రావాల్సిన ఫ్యామిలీ పింఛను కదిలేదీ ఆ కాగితంతోనే.