తొంభై ఆరు పేజీలు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. పదేళ్లలో 130 కవితలు పోగయ్యాయి. లోడింగ్ చీటీల వెనక రాసుకున్నవి కొన్ని, ఫోనులో కొట్టుకున్నవి ఎక్కువ. వరుసగా పేర్చి అచ్చుకిస్తే అదే పుస్తకమవుతుందని నమ్మి ఒంగోలు బస్సెక్కాను.

డీటీపీ చేసే అమ్మాయి ఫైలు తెరిచి కాసేపు కిందికీ పైకీ జరిపింది. "అన్నా, ఇందులో వెన్నెల ఎన్నిసార్లు వచ్చిందో చూడమంటారా?" అంది. వెతికితే 41 సార్లు. మౌనం 33. తను నవ్వుతూనే చెప్పింది కానీ, తిరుగు బస్సులో నాకు నవ్వు రాలేదు. అసలు నేను వెన్నెల చూసి ఎన్నాళ్లయింది? క్వారీలో రాత్రంతా ఫ్లడ్ లైట్లు వెలుగుతుంటాయి. కోసిన నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే దానికి గెలాక్సీ అని పేరు పెట్టి దేశదేశాలకు పంపుతారు. రోజూ దాని పొడుగూ వెడల్పూ రాసే నేను దాని మీద ఒక్క కవితైనా రాయలేదు.

కందుకూరులో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. కాగితాలు ఆయన ముందు పెడితే చదవలేదు, నన్నే పైకి చదవమన్నారు. నాలుగో కవిత దగ్గర ఆపారు. "నువ్వు పాదం విరవలేదయ్యా, వాక్యాన్ని నరికావు."

వచన కవితకు గణాల లెక్క లేదు, యతిప్రాసల నియమం లేదు. పాదం ఎక్కడ ఆగాలో ఊపిరీ అర్థమూ కలిసి తేల్చుకోవాలి. ఆయన చెప్పిన పరీక్ష చాలా సులువు: కవితను పేరాలాగా కలిపి రాసి చదువు, ఏమీ పోకపోతే అది ముందునుంచీ పేరాయే. ఇంటికొచ్చి వారం రోజులు అదే పని చేశాను. ఫోనులో రాసినవి సగానికి పైగా పేరాలై కూర్చున్నాయి. చీటీల వెనక రాసినవి మాత్రం దాదాపు అన్నీ నిలిచాయి. అంత చిన్న కాగితం మీద ఉపన్యాసం పట్టదు మరి.

ముందుమాట సంగతి ఎక్కువ చెప్పను. మూడు నెలలు ఎదురుచూశాక నాలుగు పేజీలు వచ్చాయి. అందులో నా కవితల గురించి ఉన్నది ఒక పేరా.

పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టాలేమో అనుకున్నాను. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. అసలు తిప్పలు ప్రూఫుల దగ్గర వచ్చాయి. ఫోనులోని యూనికోడ్ అక్షరాలను డీటీపీలో వాడే అను ఫాంట్లలోకి మార్చగానే కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. మూడుసార్లు దిద్దినా "తల్లి" ఒకచోట "తలి"గానే అచ్చయింది. అమ్మకు చదవడం రాదు కాబట్టి బతికిపోయాను.

డెమ్మీ సైజు పుస్తకంలో ఫారానికి, అంటే అచ్చుకెక్కే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. ఆరు ఫారాలకు 96. నా లెక్క 97 దగ్గర తేలింది. ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఎక్కించి, మిగతావి తెల్లగా వదిలేయాలా? నాకు ఎంతో ఇష్టమైన కవిత చివర ఉంది. రెండు రోజులు దాన్ని అటూ ఇటూ మార్చి చూశాను, చివరికి తీసేశాను. ఇంతవరకు అది ఏమైందని ఎవరూ అడగలేదు.

అట్ట దగ్గర మాత్రం నేను తగ్గలేదు. నా పేరు పెద్దగా ఉండాలని నేను, అది బొమ్మను మింగేస్తుందని ఆ అమ్మాయి గంటసేపు వాదించుకున్నాం. అద్దంకి రెడ్డిరాజుల కొలువులో ఉన్న ఎర్రన, నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ రాసినట్టుగానే పూర్తిచేసి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఆ సంగతి నాకు పుస్తకాల కట్టలు ఇంటికి చేరాక గుర్తొచ్చింది. పేరు మాత్రం పెద్దగానే పడింది.