రిపోర్టులన్నీ నార్మలే, నేనే ఇంకా కాదు

మా ఇంట్లో ఇప్పుడు కరోనా మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు లేచి వెళ్లిపోతారు. మావారు ఫోన్‌లో తల దూరుస్తారు. పిల్లలు "అబ్బా, మళ్లీ మొదలెట్టావా అమ్మా" అంటారు. వాళ్లను తప్పుపట్టను. పొద్దున లేస్తే అంకెలు, పడుకోబోయే ముందు అంకెలు. ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు, ఎక్కడ ఏ కొత్త రకం పుట్టింది. ఎంతకాలమని ఉలిక్కిపడుతూ కూర్చుంటాం? ఎవరికైనా విసుగొస్తుంది. నా కోపం ఆ విసుగు మీద కాదు. అందరూ భయపడ్డప్పుడు ఆ అరుపుల్లో మా మాట ఎవరికీ వినపడలేదు. అందరికీ విసుగొచ్చాక వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. జబ్బు తగ్గీ తగ్గకుండా మధ్యలో మిగిలిపోయిన నాలాంటి వాళ్లం రెండు విధాలా నష్టపోయాం.

నాకు వచ్చింది 2021లో, కరోనాలో డెల్టా రకం విరుచుకుపడిన రోజుల్లో. జ్వరం, ఒళ్లునొప్పులు, వాసన పోవడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మొదటి వారం గడిచి, హమ్మయ్య అనుకునేసరికి దగ్గు ముదిరింది. డాక్టరుగారు ఛాతీ స్కాన్ తీయించమన్నారు.

స్కాన్ సెంటర్లో కవరు చేతికిస్తూ అక్కడి కుర్రాడు, "పద్నాలుగు వచ్చిందండీ స్కోరు. మొన్న ఒకాయనకీ ఇలాగే పద్నాలుగే..." అని ఆగిపోయాడు. ఇంతలో లోపలి నుంచి ఎవరో పిలిచారు, వెళ్లిపోయాడు. ఆ ఒకాయనకి ఏమైంది? బతికాడా, పోయాడా? వాక్యం పూర్తిచేసి ఉంటే ఎలాంటి వార్తయినా తట్టుకునేదాన్నేమో. ఆ సగం మాట నాతో ఇంటికొచ్చింది, మంచమెక్కింది, నిద్రలోకీ వచ్చింది. ఆ కుర్రాడి మీద నాకు కక్షేమీ లేదు, పాపం వాడూ పొద్దుటి నుంచి మాస్కు తియ్యకుండా నిలబడ్డవాడే. కానీ జబ్బుమనిషి ముందు నోరు విప్పేటప్పుడు కాస్త చూసుకోవాలి.

డాక్టరుగారికి ఫోన్ చేసి స్కోరు చెబితే ఆయన కంగారుపడలేదు. ఊపిరితిత్తుల్లో అయిదు భాగాలుంటాయనీ, ఒక్కోదానికి అయిదు చొప్పున మొత్తం ఇరవై అయిదనీ, ఎంతమేర మచ్చలు కనపడ్డాయో చెప్పే లెక్కే తప్ప అది జాతకం కాదనీ విడమరిచి చెప్పారు. "మీరు ఇందాకటి నుంచి మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా మాట్లాడుతున్నారమ్మా. నాకు ఆ స్కోరు కంటే ఇది ముఖ్యం" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం బలం వచ్చింది. మిగతా సగం రాకుండా టీవీ చూసుకుంది.

అప్పటికే బంధువుల వైద్యం మొదలైంది. ఒకరు ప్లాస్మా, అంటే కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసే ద్రవం, ఇచ్చేవాళ్ల కోసం అందరికీ మెసేజీలు పెట్టేశారు. ఇంకొకరు స్టెరాయిడ్ మాత్రల పేరు పంపి ఇప్పుడే మొదలుపెట్టెయ్ అన్నారు. డాక్టరుగారు రెంటికీ అడ్డం పడ్డారు. ప్లాస్మాతో ప్రాణాలు నిలుస్తాయని పెద్ద పరీక్షల్లో తేలలేదన్నారు. ఇక స్టెరాయిడ్ అంటారా, డెక్సామెథసోన్ అనే ఆ రకం మందు సంగతి బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో 2020లోనే తేలింది. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడోవంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మాత్రం దానివల్ల మేలేమీ కనపడలేదు. "వేళ వచ్చినప్పుడు నేనే ఇస్తాను, అంతవరకూ ముట్టుకోవద్దు" అన్నారు. ఇంత స్పష్టంగా నాలుగు ముక్కలు చెప్పే మనిషిని ఏ చర్చా కార్యక్రమంలోనూ చూడలేదు. ఎందుకు కూర్చోబెడతారు? అరవడం రాదు కదా ఆయనకు.

ఇక ఆ రాత్రి.

పన్నెండు దాటి ఉంటుంది. దగ్గు తెరలో మెలకువ వచ్చి, అలవాటుగా రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలించాను. ముందు గీతలు కనపడ్డాయి, తర్వాత 93. చూస్తుండగానే 91. తర్వాత 88. మళ్లీ 92. చీకట్లో ఆ చిన్న డబ్బా ఎర్రగా వెలుగుతోంది, అంకె మారినప్పుడల్లా గుండె గొంతులోకి వస్తోంది. గుండె కొట్టుకునే వేగం కూడా అదే చూపిస్తుంది కదా, అది 120 దాటింది. అది చూసి ఇంకా భయం, ఆ భయానికి ఇంకా వేగం. ఈ వేలు కాదని ఆ వేలు, ఆ చెయ్యి కాదని ఈ చెయ్యి. వేళ్లు చల్లగా అయిపోయాయి. పక్క గదిలో పిల్లలున్నారు, అరవకూడదు. గాలి పీలుస్తుంటే సగంలోనే ఎవరో అడ్డం పెట్టినట్టు ఆగిపోతోంది. ఫోన్ తీస్తే మొదట కనపడింది మంచాలు దొరక్క ఆసుపత్రి బయటే ప్రాణాలు వదిలినవాళ్ల వీడియో. దాని కింద ఇంకొకటి. ఆపుదామన్నా వేలు ఆగదు. నా తర్వాత పిల్లల పుస్తకాల అట్టలు ఎవరు వేస్తారా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. చావు గురించి పెద్ద పెద్ద ఆలోచనలేమీ రాలేదు, అట్టల గురించే.

మావారు లేచి డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆ వేళకి ఎత్తుతారని ఆశలేదు. రెండో రింగుకే ఎత్తారు.

"ముందు చేతులు రెండూ గట్టిగా రుద్దుకుని వేడి చెయ్యండమ్మా. చేతులు చల్లగా ఉంటే అది అబద్ధాలు చెబుతుంది. తగిలించాక అంకె నిలకడగా నిలిచేవరకూ నిమిషం ఆగండి, చెయ్యి కదపొద్దు. తర్వాత బోర్లా పడుకోండి. నేను లైన్లోనే ఉంటాను."

ఉన్నారు. అటువైపు నుంచి ఆయన ఇంట్లో ఫ్యాన్ చప్పుడు వినపడుతూనే ఉంది. బోర్లా పడుకుని, దిండు ఛాతీ కింద సర్దుకున్నాను. కాసేపటికి 92 దగ్గర నిలిచింది. మావారు అంకె చదివి చెబుతుంటే ఆయన "ఊఁ, ఊఁ" అంటున్నారు. "ఇవాళ రాత్రికి ఇలా గడిపేద్దాం. 90కి పడిపోయినా, మాట మధ్యలో ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మనిషి మగతగా ఉన్నా ఒక్క క్షణం ఆగొద్దు. లేకపోతే పొద్దున్నే చేరిపోదాం, మంచం సంగతి నేను చూస్తాను" అన్నారు. చూశారు కూడా. ఆయనకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? దేవుడున్నాడా లేడా అని ఎవరైనా వాదిస్తే నేనిప్పుడు కలగజేసుకోను. ఆ రాత్రి రెండో రింగుకి ఫోనెత్తిన మనిషి ఉన్నాడు, నాకు అది చాలు.

ఆసుపత్రి సంగతి ఎక్కువ చెప్పడానికేం లేదు. మాస్కుతో ఆక్సిజన్, వేళ వచ్చింది గనక స్టెరాయిడ్, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్లు. గుర్తుండిపోయింది ఒక నర్సు. వార్డులో గోడకు టీవీ ఉండేది, అందులో పగలంతా మృతుల సంఖ్య తిరుగుతుండేది. ఊపిరి అందక అల్లాడుతున్నవాళ్ల ఎదురుగా మృతుల సంఖ్య! ఏ మహానుభావుడి ఆలోచనో. ఆ అమ్మాయి డ్యూటీకి వచ్చీరాగానే టీవీ కట్టేసి, రిమోట్ కోటు జేబులో వేసుకుని తిరిగేది. ఒక పెద్దాయన "వార్తలు పెట్టమ్మా" అని గొడవ చేస్తే, "వార్తల్లో మీరు లేరు తాతా, నేను చూసే వచ్చాను" అంది. వార్డంతా నవ్వి, నవ్వినందుకు దగ్గి, మళ్లీ నవ్వింది.

ఇంటికొచ్చాక కథ సుఖాంతం అనుకున్నారు అందరూ. అసలు గోరుచుట్టు మీద రోకటిపోటు అక్కడే పడింది. మెట్లెక్కితే గుండె దడ. స్నానం చేసి వస్తే పడుకోవాలి. చదివిన పేజీయే మళ్లీ చదవాలి. పోయిన వాసన తిరిగొచ్చింది గానీ తప్పుగా వచ్చింది, కాఫీ పొడి డబ్బా మూత తీస్తే రబ్బరు కాలుతున్న కంపు. అప్పుడు వెళ్లిన ఇంకో పెద్ద డాక్టరు కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తలెత్తకుండానే, "రిపోర్టులన్నీ నార్మల్. మీరు వార్తలు ఎక్కువ చూస్తారనుకుంటా" అన్నాడు. నా మొహం చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. నాలుగు నిమిషాలైనా కూర్చోనివ్వలేదు. ఆ రోజు బయటికొచ్చి కుర్చీలో కూర్చుని ఏడ్చాను, జబ్బులో కూడా అంత ఏడవలేదు. 2021 అక్టోబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంగ్ కోవిడ్ అని అందరూ పిలిచే ఈ జబ్బుకో నిర్వచనం ఇచ్చింది. సాధారణంగా జబ్బు మొదలైన మూడు నెలలకు కనపడుతూ, కనీసం రెండు నెలలు ఉండి, వేరే కారణమేదీ చూపలేని లక్షణాలు అని. ఆయాసం, నీరసం, మతిమరుపు, నాకున్నవన్నీ అందులో ఉన్నాయి. అది చదివి నాకు జబ్బుందని సంతోషపడ్డాను! ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ఈలోగా లోకం ముందుకెళ్లిపోయింది. వైరస్ రకాలకు గ్రీకు అక్షరాలు చాలవన్నట్టు, 2023 మొదట్లో ఒకదాన్ని క్రాకెన్ అన్నారు. నార్వే కథల్లోని సముద్ర రాకాసి పేరది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది కాదు, సోషల్ మీడియాలో పుట్టింది, పతాక శీర్షికల్లో పెరిగింది. పేరు రాకాసిది గానీ అది డెల్టా అంత ఘోరం చెయ్యలేదు. అదే ఏడాది మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ఆ సంస్థే ప్రకటించింది. ముప్పు పూర్తిగా పోలేదని కూడా అదే నోటితో చెప్పింది, ఆ రెండో ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. మా అక్క ఫోన్ చేసి "చూశావా, అయిపోయిందట" అంది. నేను అప్పుడు మెట్ల మధ్యలో నిలబడి రొప్పుతున్నాను.

2025 జనవరిలో జలుబు, దగ్గు తెచ్చే హెచ్‌ఎంపీవీ అనే వైరస్ గోల వచ్చింది. కొత్త వైరస్, మళ్లీ అదే కథ అని ఊదరగొట్టారు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని 2001లోనే గుర్తించారు. అంతకు దశాబ్దాల ముందు నుంచే అది మనుషుల్లో తిరుగుతోంది. అయిదేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒక్కసారైనా వచ్చిపోతుంది. ఈ రెండు మాటలు మొదటే చెబితే కొంపలేం మునిగేవి? చెబితే ఎవరూ చూడరు, అదే బాధ. మావాళ్లు ఆ వార్త వస్తుంటే తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం వేళ్లు చల్లబడ్డాయి. అలమరలో ఉన్న ఆక్సీమీటర్‌కి కొత్త బ్యాటరీలు వేశాను. 98. ఇంకోసారి. 98. అక్కడితో ఊరుకున్నాను, అది నాకు పెద్ద విజయమే.

నాలా ఉన్నవాళ్లకు తెలిసింది చెబుతాను. ఆక్సీమీటర్ ఉంటే ఉండనివ్వండి, దాన్నే పట్టుకుని కూర్చోకండి. గోళ్లరంగు ఉన్నా, చెయ్యి చల్లగా ఉన్నా తేడా చూపిస్తుంది. చర్మం ముదురు రంగులో ఉంటే, అసలు ఉన్న శాతం కంటే ఎక్కువ చూపించొచ్చని 2020 చివర్లోనే పరిశోధకులు రాశారు. కాబట్టి అంకె బాగున్నా ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి. ఓపిక విషయంలో నన్ను దారిన పెట్టింది ఒక ఫిజియోథెరపీ ఆవిడ. "బాగున్న రోజున ఇల్లంతా సర్దెయ్యకండి, సగం చేసి ఆపండి. మర్నాడు ఎలా ఉందో చూసుకునే పెంచండి" అనేవారు. ఊపిరి ముక్కుతో పీల్చి, పెదవులు సన్నగా చేసి నిదానంగా వదలడం ఆవిడ నేర్పినదే. ఇంట్లో ఎవరైనా "నీరసంగా ఉంది" అంటే "అందరికీ ఉంటుందిలే" అనకండి, నిన్న ఏం పని చేశారో అడగండి. వార్తలు రోజుకోసారి చాలు, పడుకునే ముందు అసలొద్దు. మా అమ్మయితే దేవుడికి దండం పెట్టుకుని పడుకో అంటుంది. అదీ చేస్తున్నాను, ఖర్చులేని మందు.

వాసన చాలావరకు సర్దుకుంది. వచ్చే నెల మళ్లీ ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తామో కొలుస్తారు. పోయినసారి మధ్యలో గోడ పట్టుకున్నాను, ఈసారి పట్టుకోకూడదని పంతం. అక్క తోడొస్తానంది. దారిలో ఫోన్ తీసి వార్తలు చదవనంటేనే రమ్మన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.