గుచ్చుకోని చొక్కా: ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్నపిల్లల బట్టలు కుట్టిన నా అనుభవం

“మా గుంటడు కొత్త చొక్కా వేస్తే చాలు, పీకి పారేస్తాడమ్మా.” బట్టలు కుట్టించడానికి వచ్చే తల్లుల నోట ఎక్కువగా వినే మాట ఇది. ఆడపిల్ల అయితే గౌను, మగపిల్లాడైతే కాలరు చొక్కా, అంతే తేడా. పిల్లలు బట్ట విప్పేస్తున్నారంటే అది మొండితనం కాదని, ఆ బట్టలో ఎక్కడో ఒక చోట తప్పుందని నా గట్టి నమ్మకం. ఆ చోటు పట్టుకుంటే సగం పని అయినట్టే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అమ్మాయి, అబ్బాయి అన్న తేడా లేకుండా, ఒంటికి గుచ్చుకోని బట్టలు కుట్టడానికి నేను కుదుర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

కొలతల కంటే ముందు తల్లిని రెండు పాత బట్టలు తెమ్మంటాను. ఒకటి పిల్ల విప్పనివ్వనిది, రెండోది ఒక్కసారి వేసి మళ్లీ ముట్టనిది. రెండూ తిరగేసి పక్కపక్కన పరుస్తాను. విప్పనివ్వనిది దాదాపు ఎప్పుడూ వెలిసిపోయిన పాత బనియను బట్టే. రెండోదానిలో మెడ వెనక లేబులో, గౌను నడుము దగ్గర లోపలికి తిరిగిన నెట్ అంచో, చంకలో ఓవర్‌లాక్ (అంచు చుట్టి వేసే కుట్టు) గట్టో, లేసు వెనక నైలాన్ దారమో ఉంటుంది. ఆ కుట్టును ముంజేతి లోపలి వైపు ఇరవై సార్లు రాసి చూస్తాను. నా చర్మం ఎర్రబడితే పిల్ల చర్మం గురించి వేరే చెప్పక్కర్లేదు.

తాకితే బెదిరే పిల్లకు టేపు చుట్టకూడదు. విప్పనివ్వని ఆ పాత బట్టనే బ్రౌన్ పేపరు మీద పరిచి, అంచుల వెంట గుండుసూదితో చుక్కలు పెట్టి గీత గీసుకుంటాను. ఒంటి కొలత తప్పదంటే టేపు తల్లి చేతికిచ్చి, పిల్లను కావలించుకున్నప్పుడే చుట్టమంటాను. ఈ వయసులో అమ్మాయి ఛాతీకీ అబ్బాయి ఛాతీకీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అందుకే నా కటింగు కాగితాలు వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటాయి: 98, 104, 110 సెంటీమీటర్లు. 104 కాగితానికి ఛాతీ 56, వదులు 10 కలిపి చుట్టు 66, పొడవు 46. బజారులో అమ్మాయిల నిక్కర్లు పొట్టిగా, బిగుతుగా, జేబులు లేకుండా వస్తాయి. అబ్బాయిలవి వదులుగా, జేబులతో, గట్టి బట్టతో వస్తాయి. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లలకు ఈ రెండు రకాల కటింగు ఎందుకో నాకెప్పటికీ అర్థం కాదు. నా నిక్కరుకు జేబు ఎవరికైనా 11 వెడల్పు, 12 లోతు.

బట్ట దగ్గర తొందరపడకూడదు. తిరుపూరు నుంచి వచ్చే సింగిల్ జెర్సీ కాటన్‌ను, అంటే బనియన్లకు వాడే సాగే అల్లిక బట్టను, కిలోల లెక్కన కొంటాను. 180 జీఎస్సెమ్ (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) అని చీటీ మీద ఉన్నా నమ్మను. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి బంగారం కొట్టు త్రాసు మీద పెడితే 1.8 గ్రాములు తూగాలి. 1.4 తూగితే పల్చన, మోకాళ్ల దగ్గర నెల తిరక్కుండానే చిరుగుతుంది. మీటరున్నర పన్నా (వెడల్పు) ఉన్న 180 జీఎస్సెమ్ బట్ట కిలోకి సుమారు 3.7 మీటర్లు వస్తుంది. 104 కొలతకు చొక్కా, లాగు కలిపి 1.3 మీటర్లు, అంటే 350 గ్రాములు. 220 జీఎస్సెమ్ ఇంటర్‌లాక్ (రెండు వైపులా ఒకేలా ఉండే మందపు అల్లిక) ఇంకా మెత్తన, కానీ మన వైపు వానాకాలం ఉక్కలో అది రెండు రోజులైనా ఆరదు. కొరాపుట్, జయపురం కొండల మీద చలికాలానికి మాత్రం అదే మంచిది.

కాటనో కాదో తెలియాలంటే ఒక పోగు లాగి కాల్చాలి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలియెస్టరు కలిసినట్టే.

కొత్త బట్టకు ఎక్కించిన గంజి ఈ పనికి పెద్ద శత్రువు. (ఇక్కడ ఒక మాట: ఒడియాలో గంజి అంటే బనియను. బరంపురం బజారులో ‘గంజి లేని బట్ట’ అని అడగకండి, ముట్టుకుని మెత్తన చూసుకోండి.) కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు ఉతికి, నీడన ఆరేస్తాను. ఈ ఉతుకులో బట్ట కుంచించుకుపోతుంది. ముందే 50 సెంటీమీటర్ల చదరం గీసి పెట్టుకుంటే ఎంత పోయిందో తెలుస్తుంది. నిలువున 47కి వచ్చిందంటే నూటికి ఆరు పోయినట్టు. ఉతక్కుండా కుట్టి ఉంటే 46 పొడవున్న చొక్కా దాదాపు 3 సెంటీమీటర్లు పైకెక్కి బొడ్డు కనిపించేది, చంకలు బిగిసేవి. రంగు దిగుతుందేమో చూడటానికి తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దుతాను. గుడ్డకు రంగంటిన తాను ఎంత నచ్చినా పక్కన పెడతాను.

రంగుల విషయంలో కొట్లో అడిగే మొదటి ప్రశ్న “పాపకా, బాబుకా?” అనే. నేను ఎత్తెంత అని అడుగుతాను. పసుపు, చిలకాకుపచ్చ, నీలిమందు రంగు, ఇటుక ఎరుపు, ఈ నాలుగే ఉంచుతాను. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతలో ఆల్ చెట్టు వేరుతో వేసే ఆ ముదురు ఎరుపు నాకు ప్రాణం. కానీ ఆ నేత బట్ట ముతక, లేత చర్మానికి నేరుగా తగలకూడదు, అందుకని పైజేబుకు మాత్రమే వాడతాను. పెద్దవాళ్లు ఒప్పుకోవడానికి నేను చెప్పే లెక్క ఒక్కటే: అక్క చొక్కా తమ్ముడికి, అన్న లాగు చెల్లికి వస్తుంది, ఒక ఇంట్లో రెండు జతల ఖర్చు ఒకటవుతుంది. అమ్మమ్మలు ఈ మాటకు వెంటనే తలూపుతారు. తిరిగితే గొడుగులా విచ్చుకునే గౌనంటే ఇష్టపడే అబ్బాయిలూ ఉంటారు. ఆ ఊగే బట్ట కాళ్లకు తగిలే తీరు వాళ్లకు హాయి. అలాంటి పిల్లాడికి గౌనే కుట్టాలి. ఇంట్లో అభ్యంతరం ఉంటే అంతే ఘేరు (కింది చుట్టు) ఉన్న పొడుగు కుర్తా కుట్టినా ఆ హాయి దక్కుతుంది.

ఇక కుట్టు. అతుకు దగ్గర గట్టు లేకుండా కుట్టే ఫ్లాట్‌లాక్ మిషను ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు, లేకపోతే ఇంట్లోని జిగ్‌జాగ్ మిషనే చాలు. జెర్సీ అంచు నేత బట్ట అంచులా పోగులు పోగులుగా ఊడిపోదు కాబట్టి మడత పెట్టే పని లేదు. ముందు ముక్క అంచును వెనక ముక్క మీద 1 సెంటీమీటరు ఎక్కించి, పైఅంచు వెంట వెడల్పు 3, పొడవు 2 మిల్లీమీటర్లు పెట్టి జిగ్‌జాగ్ వేయాలి. తర్వాత కింది అంచు వెంట రెండో వరస. బట్ట తిరగేసి వేలు రాస్తే గట్టు తగలకూడదు. సూది తప్పకుండా గుండ్రటి మొనది, 11 నంబరుది. మామూలు వాడి సూది జెర్సీ పోగును తెంపుతుంది. ఆ రోజు కనిపించదు, నాలుగో ఉతుక్కి కుట్టు పక్కన చిన్న చిన్న కన్నాలు వరసగా తేలతాయి. తిన్నని కుట్టు వేస్తే పిల్ల తల దూర్చగానే దారం పటపటా తెగుతుంది.

మొదట్లో నా కుట్లన్నీ అలలు తేలేవి. ప్రెషర్ ఫుట్ బట్టను నొక్కి సాగదీయడమే కారణం. నొక్కుడు స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, కింద బటర్ పేపరు పట్టీ పెట్టి కుట్టి, తర్వాత దాన్ని చింపేస్తే అలలు పోయాయి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. దారం చివర ముడి వేసి కత్తిరిస్తే ఆ ముడే ముల్లవుతుంది. 10 సెంటీమీటర్లు వదిలి, చేతిసూదికి ఎక్కించి రెండు పొరల మధ్యకు దాచాలి.

భుజం కుట్టు ఎముక మీద పడకూడదు, బడిసంచి పట్టీ సరిగ్గా దాన్నే నొక్కుతుంది. ముందు కాగితంలో భుజం దగ్గర 2 సెంటీమీటర్లు కోసి, ఆ 2 వెనక కాగితానికి కలుపుతాను. కుట్టు ఛాతీ వైపు జారుతుంది. మెడ కత్తిరింపు చుట్టు 36, దానికి రిబ్ (బాగా సాగే గీతల అల్లిక) పట్టీ నూటికి 85 పాళ్లు, కుట్టుకు ఒకటిన్నర కలిపి 32. పట్టీ వెడల్పు 5, మడిచి కుడితే 2 వస్తుంది. ఆ వయసులో తల చుట్టు 50 దాటుతుంది, రిబ్ అంతకు సాగాలి. కొందరు పిల్లలకు సాగినా సరే, చెవుల మీదుగా దిగుతున్నప్పుడే భయం. వాళ్లకు భుజాల దగ్గర ముందు వెనక ముక్కలు 6 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడతాను, పసిపిల్లల జుబ్బా మాదిరి. మెడ వెడల్పైపోయి చెవులు తాకకుండా జారుతుంది. రిబ్ అతుకు బయటికి తిప్పి, దాని మీద జెర్సీ పట్టీ వేస్తే అది అలంకారంలా కనిపిస్తుంది, లోపల మాత్రం నున్నగా ఉంటుంది. పేరు, కొలత బయటి అంచు మీదే రబ్బరు ముద్రతో. లోపల వేడితో అంటించే ప్రింటు కూడా వేసి చూశాను, చెమట పట్టి వీపుకు అతుక్కుంటోంది.

లాగుకు కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే ముడి అసలు బాధ. అక్కడ 8 సెంటీమీటర్ల చదరాన్ని వజ్రం ఆకారంలో పెడితే ముడి నాలుగు వైపులకు విడిపోతుంది, కూర్చుంటే లాగదు, డైపరు మీదైనా సరిపోతుంది. ముందు జిప్పు లేదు కాబట్టి ఎవరైనా తొడుక్కోవచ్చు, బాత్రూంలో తనంతట తనే దించుకోవచ్చు. నడుముకు సన్న ఎలాస్టిక్ ఎర్రటి గీత మిగులుస్తుంది. 2.5 వెడల్పుది, నడుము కొలతకు 3 మాత్రమే తగ్గించి, జెర్సీ గొట్టంలో వదులుగా దూరుస్తాను. బొందులు ఎక్కడా పెట్టను, ముఖ్యంగా పిల్లలకు మెడ దగ్గర తాడు ఏ రూపంలోనూ ఉండకూడదు. వెల్క్రో చిరిగే శబ్దానికే చెవులు మూసుకునే పిల్లలున్నారు. అయస్కాంతం గుండీలు వద్దే వద్దు, రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ప్రాణం మీదికి తెస్తాయి.

పెళ్లిళ్లు, పండగలు వస్తే బరంపురం పట్టు కావాలంటారు. కుంభం (గుడి ఆకారపు) అంచు వెనక తేలే జరీ పోగులు ఇసుక కాగితంలాంటివి. పట్టు ముక్కకు, ఒంటికి మధ్య మల్‌మల్ (పల్చని మెత్తని నూలు బట్ట) లైనింగు పూర్తిగా, చేతులకు కూడా వేసి, అతుకులన్నీ రెండు పొరల మధ్యే ఉండేలా తిప్పుతాను. జరీ అంచును మెడకు, మణికట్టుకు 3 సెంటీమీటర్ల దూరంలో ఆపుతాను. అయినా పిల్ల గంటకు మించి భరించదని ముందే చెప్పి, మార్చుకోవడానికి పాత జత వెంట ఉంచమంటాను.

కుట్టిన బట్ట ఇచ్చేటప్పుడు ఉతుకు గురించి గట్టిగా చెబుతాను. గంజి, నీలం, ఘాటు సెంటు సబ్బు వద్దు, చివరి జాడింపు రెండుసార్లు. గాలాడని ఎండలో కదలకుండా ఆరిన కాటన్ అప్పడంలా బిరుసెక్కుతుంది, నీడన ఆరేసి, తీశాక గట్టిగా దులిపి చేత్తో నలపాలి. మొదటిసారి వేయడం ఇంట్లోనే, పొట్ట నిండిన వేళ, ఇరవై నిమిషాలే. విప్పాక చర్మం మీద గీతలు చూసి ఎక్కడున్నాయో నాకు చెప్పాలి. ఆ జాగాలోనే మళ్లీ విప్పి కుడతాను. నచ్చిందంటే అదే బట్టలో, అదే రంగులో మూడు జతలు, పైకొలతలో ఒకటి కుట్టించి, అది కూడా వాడకముందే పదిసార్లు ఉతికి ఉంచమంటాను.

బట్టతో పాటు స్నానం, గోళ్లు తీయడం, జుట్టు దువ్వడం అన్నిటికీ పిల్ల విలవిల్లాడుతుంటే దర్జీ పని సరిపోదు. పిల్లల ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, దాని కింద పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే కేంద్రాలు జిల్లా స్థాయిలో ఏర్పాటు చేస్తారు, అక్కడ చూపించాలి. బరువులు పెట్టి కుట్టిన కోట్లు, ఒంటిని బిగించే బనియన్లు ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే చికిత్స నిపుణులు) చెప్పనిదే నేను కుట్టను, ఎవరూ కుట్టకూడదు.

బడి యూనిఫారం దగ్గర మాత్రం బట్ట మన చేతిలో ఉండదు. పాలియెస్టరు కలిసిన తానునే వాడాలి, రంగు మారకూడదు. అప్పుడు కాలరు విప్పి లోపలి బక్రం (కాలరును బిరుసుగా నిలబెట్టే గట్టి గుడ్డ) తీసేసి, రెండు పొరల మల్‌మల్ పెట్టి మళ్లీ మూస్తాను. బయటికి అదే కాలరు. ఛాతీ, వీపు, చంకల మేర లోపల చేతుల్లేని జెర్సీ బనియను ఒకటి చొక్కాకే కుట్టేస్తాను, భుజం దగ్గర, పక్క కుట్ల దగ్గర మాత్రమే అతికించి. టై ఎలాస్టిక్ మెడ చుట్టూ తిరగకుండా, టై ముడిని నేరుగా పైగుండీ దగ్గర నాలుగు టాకాలు వేసి బిగిస్తాను. ఒక జతకు పూట పని. ఆ చొక్కా వేసుకుని పిల్ల సాయంత్రం దాకా బడిలో కూర్చుందని తల్లి ఫోను చేస్తే, ఆ కాలరు కొలత కాగితం మీద తేదీ రాసి దాచుకుంటాను. వచ్చే ఏడాది బడికి మళ్లీ అదే కావాలి.